తండ్రిని దించి కొడుకు గద్దెనెక్కే సృష్టి గాథలు: తరాల పట్టిక ఎలా గీయాలి?

పలకబలపం

మూడు గాథలను పక్కపక్కన పెట్టి ఒక పట్టిక గీస్తున్నాను. బాబిలోనియన్ల ఎనూమా ఎలిష్, హిట్టైట్ పలకల మీద దొరికిన కుమార్బి గాథ, గ్రీకు కవి హెసియడ్ చెప్పిన థియోగొనీ. మూడింటిలోనూ పాత దేవుణ్ణి కూలదోసి కొత్త దేవుడు రాజవుతాడు కాబట్టి తరాల వారీగా వరసలు వేశాను:

మొదటి వరస: అప్సూ, అలాలు, యురేనస్
రెండో వరస: అనూ, అనూ, క్రోనస్
మూడో వరస: ఎయా, కుమార్బి, జియస్
నాలుగో వరస: మార్దుక్, తెషుబ్, ఖాళీ

గీశాక చూస్తే ఏదీ కుదరడం లేదు. అనూ రెండు గాథల్లోనూ ఉన్నాడు. ఒకచోట పదవీ పోతుంది, అంగమూ పోతుంది. ఇంకోచోట అతని జోలికి ఎవరూ పోరు. తెషుబ్, జియస్ ఇద్దరూ పిడుగుల దేవుళ్ళే, అయినా వేర్వేరు వరసల్లో పడ్డారు. నా లెక్క ఎక్కడ తప్పింది? ఏ గాథ దేన్నుంచి వచ్చిందో బాణం గుర్తులతో చూపించవచ్చా? ఈ పోరు చివరికి ఎలా ఆగిందో చూపడానికి వేరే గడి పెట్టాలా?

మూలపాఠం

పలకబలపం గారూ, మీరు రెండు లెక్కల్ని ఒకే వరసలో కలిపేశారు. ఎవరు ఎవరికి పుట్టారన్నది ఒక లెక్క, ఎవరి తర్వాత ఎవరు ఏలారన్నది ఇంకో లెక్క. హెసియడ్ దగ్గర ఈ రెండూ కలిసే నడుస్తాయి: యురేనస్ కొడుకు క్రోనస్, క్రోనస్ కొడుకు జియస్, ముగ్గురూ అదే క్రమంలో ఏలారు. గ్రీకు కథ ముందు చదివినవాళ్ళు అదే కొలబద్దతో మిగతా రెండింటినీ కొలవబోతారు. చిక్కు అక్కడే.

కుమార్బి గాథ చూడండి. స్వర్గానికి మొదటి రాజు అలాలు. అనూ అతని ముందు వంగి పానపాత్ర అందించే సేవకుడు. తొమ్మిదేళ్ళు గడిచాక అనూ తిరగబడతాడు, అలాలు ఓడి నల్లటి నేల కిందికి పారిపోతాడు. ఇప్పుడు అనూ గద్దె మీద ఉంటే కుమార్బి పానపాత్ర అందిస్తుంటాడు. మళ్ళీ తొమ్మిదేళ్ళు. కుమార్బి తిరగబడితే అనూ ఆకాశంలోకి ఎగిరిపోబోతాడు. కుమార్బి అతని కాళ్ళు పట్టి కిందికి లాగి, అంగాన్ని కొరికి మింగేస్తాడు. మింగి నవ్వుతాడు. సంబరపడకు, నీ కడుపులో బరువు పెట్టాను అంటాడు అనూ: ఉరుముల దేవుడు తెషుబ్, టైగ్రిస్ నది అయిన అరంజహ్, తష్మిషు.

ఈ కుమార్బి అనూ కొడుకు కాదు, అలాలు సంతానం. అంటే గద్దె అలాలు నుంచి అనూకి, అనూ నుంచి మళ్ళీ అలాలు వంశానికి, అక్కణ్ణుంచి తెషుబ్‌కి పోయింది. తెషుబ్ బీజం అనూది, మోసిన కడుపు కుమార్బిది. తగువులాడుకున్న రెండు వంశాలూ అతని ఒంట్లో కలిశాయి. నాకు ఈ గాథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ అల్లికే. తాత, తండ్రి, మనవడు అని ఒకే నిచ్చెన గీస్తే అది పూర్తిగా పోతుంది.

ఎనూమా ఎలిష్ ఇంకో దారి. మంచినీరైన అప్సూ, ఉప్పునీరైన తియామత్ కలిసినప్పుడు లహ్ము, లహాము పుట్టారు. తర్వాత అన్షార్, కిషార్. అన్షార్ కొడుకు అనూ, అనూ కొడుకు ఎయా. ఎయాకీ దమ్‌కినాకీ పుట్టినవాడు మార్దుక్. చిన్న దేవుళ్ళ సందడికి పగలు విశ్రాంతి లేదు, రాత్రి నిద్ర లేదు అని అప్సూ వాళ్ళను తుడిచిపెట్టబోతాడు. మంత్రి ముమ్ము వంతపాడతాడు. ఎయా మంత్రం వేసి అప్సూని నిద్రపుచ్చుతాడు, కిరీటాన్నీ తేజస్సునూ ఊడబెరికి చంపుతాడు, ముమ్మును బంధిస్తాడు, అప్సూ మీదనే తన నివాసం కట్టుకుంటాడు. చంపినవాడు కొడుకు కాదు. మధ్యలో లహ్ము, అన్షార్, అనూ ఉన్నారు, వాళ్ళలో ఒకరినొకరు దించుకున్నవాళ్ళు లేరు. అన్షార్ చివరిదాకా కొలువుకు పెద్దగానే ఉంటాడు. అనూని తియామత్ మీదికి పంపితే ఎదుర్కోలేక తిరిగొస్తాడు, అయినా అతని స్థానం చెక్కుచెదరదు. పైగా మార్దుక్ గెలిచాక, తియామత్ సేనాపతి కింగు దగ్గర నుంచి లాక్కున్న విధి పలకను తీసుకెళ్ళి ఆ అనూకే కానుకగా ఇస్తాడు. ఇది ఐదో పలకలో ఉంది.

అందుకని వరసలకు అంకెలు తీసేసి పాత్రలు రాయండి.

ఆకాశానికి ముందున్నవాడు: అప్సూ, అలాలు, ఖాళీ
ఆకాశం: అనూ, అనూ, యురేనస్
ఆకాశపు మగతనాన్ని తీసేసినవాడు: ఖాళీ, కుమార్బి, క్రోనస్
చివరికి నిలిచిన రాజు: మార్దుక్, తెషుబ్, జియస్

బాబిలోన్ నిలువు వరసలోని ఆ ఖాళీని ఖాళీగానే ఉంచాలి. చాలామంది అక్కడ ఎయాని కూర్చోబెడతారు. అతను ఆకాశాన్ని ముట్టుకోలేదు, కొడుకు చేతిలో ఓడిపోనూ లేదు. మొదటి వరసలో అప్సూ, అలాలు పక్కపక్కన పడ్డారని ఇద్దర్నీ ఒకటిగా తీసుకోకండి. అప్సూ నీరు, అతనెప్పుడూ దేవతల రాజుగా ఏలలేదు. అలాలు గురించి మనకు తెలిసిందల్లా గద్దె ఎక్కడం, దిగడం. మెసొపొటేమియా దేవతల జాబితాల్లో అనూ పూర్వీకుల మధ్య అలాల అనే పేరుంది, కుమార్బి గాథ ఎవరిదో ఆ హుర్రియన్లు (హిట్టైట్ల పొరుగు జాతి) ఆ పేరును అక్కణ్ణుంచే తెచ్చుకుని ఉంటారు.

ఒక్కో దేవుడికి ఈ గడులు పెట్టుకోండి: తండ్రి, తల్లి, పదవి ఎవరి నుంచి వచ్చింది, దేనితో గెలిచాడు, ఓడినవాడు ఎక్కడికి పోయాడు, ఓడినవాడి దేహం నుంచి ఏం పుట్టింది, ఏ పలకలో లేదా ఏ పంక్తుల్లో ఉంది. వంశానికి మామూలు గీత, పదవికి మందపు గీత. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడేది హెసియడ్ దగ్గరే.

పంక్తుల గడి వదిలేయకండి. థియోగొనీ మొత్తం 1022 పంక్తులు. యురేనస్ సంగతి 154 నుంచి 182 వరకు, క్రోనస్ పిల్లల్ని మింగడం 453 నుంచి 506 వరకు, క్రోనస్ తరం దేవుళ్ళైన టైటాన్ల యుద్ధం 617 నుంచి, టైఫాన్ అనే వికృత జీవి 820 నుంచి 880 వరకు, జియస్ భార్య మెటిస్ 886 నుంచి 900 వరకు. ఎనూమా ఎలిష్ ఏడు పలకలు: అప్సూ చావు, మార్దుక్ పుట్టుక, పదకొండు వికృత జీవుల సృష్టి మొదటి పలకలోనే, తియామత్‌తో యుద్ధం నాలుగులో, మనుషుల సృష్టి ఆరులో, యాభై నామాలు ఆరు చివర మొదలై ఏడంతా. కుమార్బి పలక బాగా విరిగింది. పగులు ఉన్నచోట పగులు అనే రాయాలి. సారాంశాలు చెప్పేవాళ్ళు ఆ ఖాళీల్లో హెసియడ్ కథను పోసేస్తుంటారు, ఆ తర్వాత రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయే అని ఆశ్చర్యపోతారు.

నదీతీరం

పోరు ఎలా ఆగిందన్న గడి తప్పకుండా పెట్టాలి. నా ఉద్దేశంలో ఈ గాథలు ఒకదానికొకటి అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపేది అక్కడే. తండ్రిని కొట్టడం మూడింటా ఏదో ఒక రూపంలో ఉంది. కొట్టినవాణ్ణి రేపు వాడి కొడుకు కొట్టకుండా ఏది ఆపుతుంది అన్నదానికి మాత్రం ఎవరి జవాబు వాళ్ళది.

బాబిలోన్ జవాబు ఒప్పందం. తియామత్ మీద యుద్ధానికి మార్దుక్ ఊరికే దిగడు. నేను గెలిస్తే నా మాటే శాసనం కావాలి అని ముందే షరతు పెడతాడు. దేవతలు సభ చేరి, తిని తాగి, సరే అంటారు. నాలుగో పలకలో పరీక్ష కూడా ఉంది: ఒక నక్షత్రరాశిని మాటతో మాయం చేసి, మాటతో తిరిగి తెస్తాడు. అప్పుడే రాజుగా ఒప్పుకుంటారు. తర్వాత విల్లు, గద, వల, మెరుపు, గాలులు పట్టుకుని వెళ్తాడు. తియామత్ నోరు తెరిచినప్పుడు గాలిని లోపలికి తోలి, మూసుకోనివ్వకుండా, ఉబ్బిన కడుపులోకి బాణం వేస్తాడు. దేహాన్ని ఎండబెట్టే చేపలా రెండుగా చీల్చి ఒక సగాన్ని ఆకాశపు కప్పుగా చేస్తాడు. కళ్ళలోంచి యూఫ్రటీస్, టైగ్రిస్ పారతాయి. ఆ పైన పాత తరం తన సొత్తును తనంతట తానే కొత్తవాడికి రాసిచ్చేస్తుంది. ఏడో పలక చివర, అంతకుముందు దేవతలకు పెద్ద అయిన ఎన్లిల్ తన బిరుదైన "దేశాల ప్రభువు"ను మార్దుక్‌కి ఇస్తాడు. కన్నతండ్రి ఎయా, వీడి పేరు కూడా నా పేరే, ఎయా, అంటాడు. నామాలు యాభై కావడం కూడా ఊరికే కాదు, 50 ఎన్లిల్ సంఖ్య. తండ్రి బతికుండగా, అందరి ముందు, ఇష్టంగా ఇచ్చాడు కాబట్టి లాక్కోవాల్సిన పనే మిగల్లేదు. బాబిలోన్‌లో కొత్త సంవత్సరం పండుగ అకీతులో, నీసాన్ నెల నాలుగో రోజున ఈ గాథను మార్దుక్ విగ్రహం ముందు చదివేవారు.

హెసియడ్ జవాబు వేరు. యురేనస్ పిల్లల్ని తల్లి గాయా (భూమి) కడుపులోనే అణిచి ఉంచాడు, వాళ్ళు తిరగబడ్డారు. క్రోనస్ పిల్లల్ని తన కడుపులో పెట్టుకున్నాడు, తల్లి రియా ఆరోవాడి బదులు రాయి ఇచ్చింది, అతనూ పడిపోయాడు. జియస్ ఇంకో అడుగు వెనక్కి వెళ్ళి, పిల్లను కాకుండా పిల్లను మోస్తున్న భార్యనే మింగాడు. మెటిస్‌కి మొదట కూతురు ఎథీనా, తర్వాత దేవతలనూ మనుషులనూ ఏలే కొడుకు పుడతాడని గాయా, యురేనస్ చెప్పారు. ఆ కొడుకు ఎప్పటికీ పుట్టలేదు. మూడు ప్రయత్నాలూ వరసగా చూస్తే ఎంత ముందుగా అడ్డుకోవాలో నేర్చుకున్నట్టు ఉంటుంది. జియస్ చేసిన రెండో పని కూడా రాసుకోండి: తండ్రి తాతలు బంధించినవాళ్ళను విడిపించాడు. ఒంటికన్ను సైక్లోప్‌లు పిడుగు ఇచ్చారు. వంద చేతుల ముగ్గురు యుద్ధాన్ని గెలిపించారు, పదేళ్ళుగా తేలని యుద్ధం అది. తన వైపు వచ్చినవాళ్ళ పాత గౌరవాలు పోవని ముందే మాట ఇచ్చాడు, అందరికన్నా ముందు నదీదేవత స్టిక్స్ తన పిల్లలతో వచ్చింది. మింగడం ఒక్కటే గుర్తుపెట్టుకుని ఈ పంపకాన్ని వదిలేస్తే జియస్ ఎందుకు నిలిచాడో సగమే తెలుస్తుంది.

హిట్టైట్ వైపు అది ఆగనే ఆగదు. కుమార్బి చావలేదు, తెషుబ్ మీదికి ఒకరి తర్వాత ఒకరిని పుట్టిస్తూనే ఉంటాడు. సముద్రపు పాము హెదమ్ము, రాతి బిడ్డ ఉల్లికుమ్మి ఆ వరసే. ఈ పాటల అసలు క్రమం మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు, మీ పట్టికలో వాటికి వరస సంఖ్యలు వేయకండి.

తల్లి గడి కూడా జాగ్రత్తగా నింపండి. గాయా యురేనస్‌ను కోయడానికి క్రోనస్‌కు కొడవలి చేసి ఇచ్చింది, రాయి ఉపాయంలో పాలుపంచుకుంది, వంద చేతులవాళ్ళను విడిపించమని చెప్పింది, ఎప్పుడూ చిన్నవాడి పక్షమే. అంతా అయ్యాక టార్టరస్‌తో (పాతాళం) కలిసి టైఫాన్‌ను కని గెలిచినవాడి మీదికే వదిలింది. తియామత్‌ది దీన్ని తిరగేసిన కథ. అప్సూ పిల్లల్ని చంపుదామంటే, మనం పుట్టించినవాళ్ళను మనమే నాశనం చేస్తామా అని మండిపడింది. భర్త చచ్చాక, మరికొందరు దేవుళ్ళు ఎగదోశాక, అప్పుడు యుద్ధానికి లేచింది. ఆమెను మొదటి నుంచీ రాక్షసిగా రాసేవాళ్ళు మొదటి పలకను చదవకుండా నాలుగో పలకకు వెళ్ళిపోయినవాళ్ళు.

తొలిమన్ను

బాణం గుర్తుల గురించి. గీయవచ్చు, కానీ గాథ నుంచి గాథకు ఒక్క పెద్ద బాణం వద్దు. ఒక్కో అంశానికి విడిగా చిన్న బాణం గీసి, పక్కన బలం ఎంతో రాయండి.

బలమైనవి మూడు. ఒకటి, ఆకాశం, దాని అంగాన్ని తీసేసినవాడు, ఉరుముల దేవుడు అనే క్రమం. విడివిడిగా ఇవి ఎక్కడైనా పుట్టవచ్చు, అదే వరసలో మూడూ రావడం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. రెండు, రాయి. విరిగిన పంక్తుల్లో చాలామంది సంపాదకులు చదివేదేమిటంటే, కుమార్బి బిడ్డను తినడానికి అడిగితే అతనికి రాయి అందుతుంది, దాన్ని కొరికితే పళ్ళు నొప్పెడతాయి, తర్వాత ఆ రాయికి పూజలు ఏర్పాటవుతాయి. హెసియడ్‌లో క్రోనస్ కక్కిన రాయిని జియస్ డెల్ఫీలో నిలబెట్టాడు. ఆ రాయి మీద రోజూ నూనె పోస్తారని క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. కథకు అక్కర్లేని ఇలాంటి విడ్డూరమైన వివరం రెండుచోట్లా కనపడితే దాని బరువు ఎక్కువ. మూడు, కోసే పనిముట్టు. ఉల్లికుమ్మిని భూమిని మోసే ఉపెల్లురి కుడి భుజం మీద నాటుతారు, వాడు ఆకాశాన్ని తాకేలా పెరిగిపోతాడు. అప్పుడు ఎయా పూర్వపు దేవుళ్ళను పిలిచి, ఒకప్పుడు భూమ్యాకాశాలను కోసి వేరుచేసిన పాత పనిముట్టును బయటికి తీయించి దానితోనే వాడి పాదాలు కోయమంటాడు. హెసియడ్ కొడవలి యురేనస్‌ను గాయా మీద నుంచి వేరుచేస్తుంది. పని అదే, కథలో చోటు మారింది.

బలహీనమైనది: మింగడం. కుమార్బి మింగింది అంగాన్ని, క్రోనస్ మింగింది పిల్లల్ని, జియస్ మింగింది భార్యను. మూడింటికీ ఒకే బాణం వేస్తే అది ఏమీ చెప్పదు.

కాలం లెక్క కూడా ఉంది. హిట్టైట్ రాజధాని హత్తూసా క్రీ.పూ. 1180 ప్రాంతంలో నాశనమైంది. హెసియడ్ క్రీ.పూ. 700 దగ్గరివాడు. నడుమ దాదాపు 500 ఏళ్ళు. ఆ పలకలు మట్టిలో ఉన్నాయి, ఏ గ్రీకువాడూ చదవలేదు. కథ ఎవరి నోటనో ఉత్తర సిరియా, కిలికియా, ఫినీషియా తీరాల మీదుగా నడిచి ఉండాలి. దానికి ఆధారం ఫినీషియా నగరం బిబ్లోస్‌కు చెందిన రచయిత ఫిలో. అతను క్రీస్తుశకం తొలి శతాబ్దాలవాడైనా, క్రైస్తవ రచయిత యూసీబియస్ ద్వారా మనకు మిగిలిన అతని ఫినీషియా కథలో నాలుగు మెట్లు ఉన్నాయి: అడవిమృగాల చేతిలో చచ్చిన ఎలియూన్, తర్వాత యురేనస్, అతన్ని దించి అంగం కోసిన క్రోనస్ అనే ఎల్, చివర జియస్ దెమరూస్. ఈ దెమరూస్ యురేనస్ బీజమే. గర్భంతో ఉన్న ఉంపుడుగత్తెను పట్టుకుని దాగోన్‌కు ఇచ్చేస్తే అతని ఇంట పుట్టాడు. ఆకాశం బీజం, వేరేచోట కాన్పు. తెషుబ్ అల్లికే ఇది. గ్రీకు పేర్లు వాడిన ఫిలో హెసియడ్‌లో లేని నాలుగో మెట్టును, ఈ పుట్టుకను ఎక్కణ్ణుంచో తెచ్చాడంటే లెవాంట్‌లో (మధ్యధరా తూర్పు తీరంలో) ఆ కథ బతికుందనే అర్థం. మీ పట్టికలో నాలుగో నిలువు వరసగా ఫిలోను చేర్చండి, అలాలు ఉన్న అడ్డ వరసలో, ఆ నిలువు వరస కింద ఎలియూన్ కూర్చుంటాడు.

ఎనూమా ఎలిష్ నుంచి హెసియడ్‌కు మాత్రం బాణం గీయడానికి నేను ఒప్పుకోను. పోలికలు ఉన్నది మొత్తం రూపురేఖల్లోనే, వివరాల్లో కాదు.

కొండవాలు

ఇవన్నీ అసలు చరిత్రే కదండీ? కొత్త జాతి వచ్చి పాత జాతిని గెలిచింది, గెలిచినవాళ్ళ దేవుడు ఓడినవాళ్ళ దేవుణ్ణి దించినట్టు కథ కట్టారు. టైటాన్లు గ్రీకులకు ముందున్నవాళ్ళ దేవుళ్ళు అని చాలాచోట్ల చదివాను.

నదీతీరం

కొండవాలు గారూ, ఆ వాదం పాతది, వినడానికి సుఖంగా ఉంటుంది, ఆధారాల దగ్గర నిలవదు. టైటాన్లలో ఎక్కువమందికి గుడులూ లేవు, పండుగలూ లేవు. క్రోనస్‌కు ఏథెన్స్‌లో క్రోనియా పండుగ, ఒలింపియాలో ఒక కొండ లాంటివి కొన్ని ఉన్నాయి, అంతే. ఒక జాతి కొలిచిన దేవతాగణం అయితే ఇంత తక్కువ ఆనవాళ్ళు మిగలవు. అనూ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. కథల్లో అతన్ని ఎంత పక్కకు నెట్టినా, క్రీ.పూ. 3, 2 శతాబ్దాల్లో సెల్యూసిడ్ రాజుల కాలంలో ఊరుక్ నగరంలో అతనికి బ్రహ్మాండమైన ఆలయం కట్టారు. కథలో వెనక్కి తగ్గినవాడు గుడిలో ముందుకొచ్చాడు.

ఓడిన దేవుళ్ళు ఏమయ్యారన్న గడి నింపితే ఇది ఇంకా తేలికగా కనపడుతుంది. హిట్టైట్లు వాళ్ళను పాతాళంలో ఉన్న పూర్వపు దేవుళ్ళు అన్నారు. పొరుగు రాజులతో సంధులు రాసుకునేటప్పుడు సాక్షుల జాబితాలో అలాలు, అనూ పేర్లు ఉంటాయి. గద్దె పోయినా సాక్ష్యానికి పనికొస్తారు. హెసియడ్ టైటాన్లు టార్టరస్‌లో వంద చేతులవాళ్ళ కాపలాలో ఉన్నారు. కంచు దాగలి ఆకాశం నుంచి తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు పడి పదో రోజున భూమిని చేరితే, భూమి నుంచి అక్కడికీ మళ్ళీ అంతే దూరం.

రాజకీయ ఛాయ లేదని నేననను. ఎనూమా ఎలిష్ బాబిలోన్ నగరం ఎదుగుదలను, మార్దుక్ ఎన్లిల్ స్థానాన్ని ఆక్రమించడాన్ని బాహాటంగా సమర్థించే రచన. అస్సీరియన్లు అదే గాథను తీసుకుని మార్దుక్ ఉన్నచోట తమ దేవుడు అష్షూర్‌ను పెట్టుకున్నారు. కానీ అది ఒక నగరం, ఒక గుడి చేసిన వాదం. ఒక జాతి మీద ఇంకో జాతి గెలుపు గురించిన జ్ఞాపకం అనడానికి ఏ పలకా చోటివ్వదు.

పలకబలపం

చాలా ఉపయోగపడింది, పట్టిక మళ్ళీ గీశాను. మూడు సందేహాలు మిగిలాయి. మెసొపొటేమియాలోని దున్ను నగరపు గాథను చేర్చాలా? ఈజిప్టును ఎక్కడ పెట్టాలి? ఋగ్వేదంలో ఇంద్రుడు తండ్రిని చంపాడని చెప్పే ఋక్కు ఉందంటారు, అది నిజమైతే అదీ ఒక నిలువు వరసే కదా?

మూలపాఠం

దున్నును చేర్చండి, కానీ విడి కాగితం మీద. తరాల హత్య అన్నిటికన్నా పచ్చిగా ఉన్నది దానిలోనే. మొదట నాగలి, భూమి. వాళ్ళ కొడుకు పశువుల దేవుడు తండ్రిని చంపి, దున్ను నగరంలో పూడ్చి, తల్లి భూమిని పెళ్ళాడతాడు. అతని కొడుకు మళ్ళీ అదే పని చేస్తాడు. ఇలా తరం తర్వాత తరం పదవి మారుతుంది, ఏ నెల ఏ తేదీన పదవి తీసుకున్నాడో కూడా రాసి ఉంటుంది. కిందికి వచ్చేసరికి ఒక కొడుకు తండ్రిని చంపకుండా బంధించి ఊరుకుంటాడు, అక్కడ పద్ధతి మారుతుంది. తేదీలు ఉన్నాయి కాబట్టి పంటల, మందల ఏడాది చక్రంతో ముడిపెట్టి చదువుతారు. మీ పట్టికలో ఆకాశం వరస ఉంది, దున్నులో ఆ పాత్రలో ఎవరూ లేరు. బలవంతంగా ఇరికిస్తే రెండూ పాడవుతాయి.

ఈజిప్టును పోలిక కోసం కాకుండా తేడా కోసం పెట్టుకోవాలి. అక్కడ భూమి గెబ్ మగ, ఆకాశం నూత్ ఆడ. వాళ్ళను విడదీసి ఆకాశాన్ని పైకెత్తి పట్టుకున్నది వాళ్ళ తండ్రి షూ, కొడుకు కాదు. ఒసిరిస్‌ను చంపింది తమ్ముడు సేత్. హోరస్ తండ్రిని దించలేదు, తండ్రి ఆస్తి కోసం బాబాయితో వ్యాజ్యమాడాడు. ఐదో రామ్సెస్ కాలపు పపైరస్‌లో ఆ వ్యాజ్యం 80 ఏళ్ళు సాగిందని ఉంది. తమ్ముడికి వెళ్ళాలా, కొడుక్కి వెళ్ళాలా అన్నది ప్రశ్న, తీర్పు కొడుకు పక్షాన వచ్చింది.

ఋక్కు ఉంది. నాలుగో మండలం 18వ సూక్తం, 12వ ఋక్కు: నీ తల్లిని విధవను చేసిందెవరు అని అడిగి, తండ్రిని పాదం పట్టి నలిపిన సంగతి చెబుతుంది. ఆ తండ్రి పేరు ఆ ఋక్కులో లేదు. పదో మండలం 124వ సూక్తంలో అసురుడైన తండ్రిని విడిచి ఇంద్రుణ్ణి ఎంచుకున్నట్టు మాటలున్నాయి. తరాల పోరు తెలిసినవాళ్ళే అనడానికి ఇవి చాలు, నిలువు వరస కట్టడానికి చాలవు. ఎవరి తర్వాత ఎవరు ఏలారనే వరస అక్కడ చెప్పలేదు. అడుగున వ్యాఖ్యగా రాసుకోండి. దేవతలు, దైత్యుల యుద్ధాలను మాత్రం ఈ పట్టికలోకి తేకండి. పురాణాల్లో ఇద్దరూ కశ్యపుడి పిల్లలే, అదితికి వీళ్ళు, దితికి వాళ్ళు. అది సవతి అన్నదమ్ముల పోరు, తరాల పోరు కాదు.

ఇదే జాగ్రత్త బాబిలోనియన్ల అత్రహాసిస్ గాథకూ పనికొస్తుంది. అక్కడ చిన్న దేవుళ్ళు కాలువలు తవ్వి తవ్వి విసిగి, పనిముట్లు తగలబెట్టి, రాత్రివేళ ఎన్లిల్ ఇంటిని చుట్టుముడతారు. చూడ్డానికి చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ మీద తిరగబడ్డట్టే ఉంటుంది. తగువు వయసు మీద కాదు, చాకిరీ మీద. అందుకే అది రాజు మారకుండానే తీరింది: ఒక దేవుణ్ణి చంపి ఆ రక్తమాంసాలను మట్టిలో కలిపి మనుషుల్ని చేసి పని వాళ్ళకు అప్పజెప్పారు. ఎనూమా ఎలిష్ ఆరో పలకలో కింగు రక్తంతో మనుషుల్ని చేసేది ఈ పాత ఆలోచన మీదే.

పలకబలపం

టైఫాన్‌ను ఏ వరసలో పెట్టాలి? అతను గాయా కొడుకు, అంటే వంశం లెక్కన క్రోనస్ తరం. కానీ వచ్చేది జియస్ తర్వాత.

తొలిమన్ను

వంశపు గీత గాయా నుంచి గీయండి, పదవి గీత అసలు గీయకండి, ఎందుకంటే అతను ఏలలేదు. "గెలిచినవాడి మీదికి వచ్చినవాడు" అని అడుగున ఒక వరస పెట్టి ఉల్లికుమ్మి, టైఫాన్ ఇద్దర్నీ అందులో రాయండి. ఇద్దర్నీ పుట్టించింది పాత తరమే, కుమార్బి ఒకరిని, గాయా ఒకరిని. బాబిలోన్ గడిలో కింగును రాయాలనిపిస్తుంది, వద్దు. అతను మార్దుక్ రాజయ్యాక పుట్టుకొచ్చినవాడు కాదు.

టైఫాన్‌కు మాత్రం హెసియడ్ ఒక్కడితో సరిపెట్టకండి. హెసియడ్‌లో జియస్ పిడుగులతో కాల్చి టార్టరస్‌లో పడేస్తాడు, అంతటితో సరి. అపొల్లోడోరస్ పేరిట ఉన్న గ్రీకు గాథల సంకలనంలో కథ పెద్దది: జియస్ సిరియా పైన ఉన్న కాసియోస్ కొండ దాకా తరుముతాడు, టైఫాన్ కొడవలి లాక్కుని జియస్ నరాలు కోసి, కిలికియాలోని కోరికియన్ గుహలో దాచిపెడతాడు, హెర్మీస్, ఏగిపాన్ దొంగిలించి తెచ్చి మళ్ళీ అమరుస్తారు. ఆ కాసియోస్ కొండ హిట్టైట్ గాథల్లో హజ్జి. తెషుబ్ ఉల్లికుమ్మిని మొదటిసారి చూసింది ఆ కొండ మీద నుంచే. నరాలు పోయి తిరిగిరావడానికి దగ్గరి పోలిక మరో హిట్టైట్ కథలో ఉంది: ఇల్లుయంక అనే సర్పం ఉరుముల దేవుడి గుండె, కళ్ళు తీసేసుకుంటుంది, అతని కొడుకు సర్పం కూతుర్ని పెళ్ళాడి వాటిని కట్నంగా అడిగి తెస్తాడు. కాబట్టి ఈ వరసలో రెండు బాణాలు వస్తాయి, ఒకటి ఉల్లికుమ్మి నుంచి, ఒకటి ఇల్లుయంక నుంచి. రెండూ చేరేది అపొల్లోడోరస్ గడికే, హెసియడ్ గడికి కాదు.